టెస్టర్ వెలిగింది, లైటు వెలగలేదు

మాస్టారూ, ఒక్క మాట!

కిందటి నెల ఒక పాఠకుడు ‘ఒకే చిక్కును ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా ఎందుకు పట్టుకుంటారు?’ అని అడిగితే నాలుగు ముక్కలు రాశాను. దాని మీద ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తం అదే. కొత్తగా చదివేవారికి ముందే చెబుతున్నాను, నేను సైకాలజీ చదివినవాణ్ణి కాను. గోదావరి జిల్లాల్లో ఒక ఐటీఐలో 31 ఏళ్ళు ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. కరెంటు గురించి అడగండి అంటే సంసారాల గురించి అడుగుతున్నారు. సరే, రెండింట్లోనూ షాకులే కదా.

ప్రశ్న: మాది పాత అపార్ట్‌మెంటు. పొద్దున గీజర్ వేసిన కాసేపటికి ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చి) పడిపోతోంది. మా వారు దీనికో పుస్తకం పెట్టి, పడినప్పుడల్లా తేదీ, టైము రాస్తున్నారు. మూడు వారాల్లో 11 సార్లు, అన్నీ ఆరున్నర, ఏడున్నర మధ్యే. ఆదివారం మాత్రం ఒక్కసారీ పడలేదట. రాయడమే గానీ బాగు చేయించరు. మా మరిది ‘32 ఆంపియర్లది తెచ్చి పెట్టేస్తా, పీడా పోతుంది’ అంటాడు. మా అత్తగారు ‘కాసేపాగి ఎత్తు, అదే నిలబడుతుంది’ అంటారు, నిజంగానే నిలబడుతుంది. నాకు అటు పిల్లాడి స్కూలు బస్సు, ఇటు ఇండక్షన్ పొయ్యి మీద టిఫిను. ఆదివారం ఒక్కరోజే టిఫిను బయటి నుంచి తెచ్చుకుంటాం. ఈ ముగ్గురిలో ఎవరి మాట వినాలి? మా వారి పద్ధతి ఎప్పటికైనా మారుతుందా? (ఒక గృహిణి, గుంటూరు)

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పటికి ఎంసీబీ ఎందుకు పడుతోందో తెలిసిపోయింది. మీరే రాశారు, కాకపోతే రెండు వేర్వేరు వాక్యాల్లో రాశారు.

ఆదివారం ఎంసీబీ పడదు. ఆదివారం మీరు ఇండక్షన్ పొయ్యి వెలిగించరు. మీ వారి పుస్తకంలో మొదటి సంగతి ఉంది, రెండోది లేదు. ఎందుకంటే ఆయన గీజర్ని అనుమానించి గీజర్ లెక్కే రాస్తున్నారు. పొయ్యి సంగతి మీకు తెలుసు గానీ మీరు ఆ పుస్తకం తెరిచి ఉండరు. మీది చిన్న ఇన్‌స్టంట్ గీజర్ అయితే అది 3 కిలోవాట్లు, అంటే 13 ఆంపియర్లు లాగుతుంది. ఇండక్షన్ పొయ్యి ఫుల్లుగా పెడితే 2 కిలోవాట్లు, దాదాపు 9 ఆంపియర్లు. కలిపితే 22. పాత అపార్ట్‌మెంట్లలో వంటింటి పవర్ పాయింటూ గీజర్ పాయింటూ ఒకే లైను మీద ఉండటం నేను చాలా చూశాను. మీ మరిది 32ది పెడతానంటున్నాడంటే ఇప్పుడున్నది బహుశా 16 ఆంపియర్లది అయి ఉంటుంది.

ఇక మీ అత్తగారు. ‘కాసేపాగి ఎత్తితే నిలబడుతుంది’ అన్నది బద్ధకం మాటలా వినిపిస్తుంది గానీ, ముగ్గురిలో అసలైన సాక్ష్యం ఆవిడదే. ఎంసీబీలో రెండు ఏర్పాట్లుంటాయి. ఒకటి షార్ట్ అయితే క్షణంలో పడగొట్టే కాయిల్. రెండోది లోడు ఎక్కువైతే మెల్లగా వేడెక్కి, వంగి, పడగొట్టే రెండు లోహాల పట్టీ. ఆ పట్టీ చల్లారేదాకా స్విచ్చి నిలవదు, చల్లారాక నిలుస్తుంది. అంటే మీ ఇంట్లో షార్ట్ లేదు, లోడు ఎక్కువైంది. ఈ సంగతి ఆవిడకు తెలియదు గానీ ఆవిడ చెయ్యికి తెలుసు.

మీ మరిది మాట మాత్రం వినొద్దు. ఎంసీబీ ఉన్నది గీజర్ని కాపాడటానికి కాదు, గోడలోని వైరును కాపాడటానికి. 16 ఉన్నచోట 32 పెడితే ఎంసీబీ పడటం ఆగుతుంది, నిజమే. పైపులో వైరు కాలడం మొదలవుతుంది. ఎలక్ట్రీషియన్ని పిలిచి గీజర్‌కి డీబీ (ఎంసీబీలుండే బోర్డు) నుంచి వేరే లైను, దానికి వేరే ఎంసీబీ వేయించండి. అప్పటిదాకా గీజర్ కట్టాకే పొయ్యి వెలిగించండి. పిల్లాడి నీళ్ళు ముందు, ఇడ్లీ తర్వాత.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకొస్తాను. మా వర్క్‌షాపులో ఒక ప్లైవుడ్ బోర్డు ఉండేది. దాని మీద ట్యూబులైటు, ప్లగ్గు, ఫ్యాను, మెట్ల దగ్గర పెట్టే టూ-వే స్విచ్చిలు, పైన చెక్కకు ఒక సీలింగ్ రోజ్ (పైకప్పు నుంచి వైరు కిందికి దిగేచోట బిగించే గుండ్రటి బిళ్ళ). ముందురోజు సాయంత్రం పిల్లలు వెళ్ళాక నేను ఎక్కడో ఒక ఫాల్టు పెట్టి మూసేసేవాణ్ణి. పొద్దున్నే ‘కనిపెట్టండ్రా’ అని వదిలేసేవాణ్ణి. ఏ బ్యాచ్‌లోనైనా అవే ముఖాలు. ఒకడు రావడం రావడమే స్క్రూడ్రైవర్ తీసి మూతలన్నీ విప్పేసేవాడు. పది నిమిషాల్లో నేను పెట్టిన ఒక ఫాల్టుకి వాడు ఇంకోటి చేర్చేవాడు. మరొకడు కాగితం మీద సర్క్యూట్ గీసి, మెయిన్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో జాయింటూ చూసుకుంటూ వెళ్ళేవాడు. వాడికి తప్పకుండా దొరికేది, గంట కొట్టిన తర్వాత. కాస్త తెలివైనవాడు లైను మధ్యలో టెస్ట్ ల్యాంపు పెట్టేవాడు. వెలిగితే ఇటు సగం బాగున్నట్టు, అటు సగం చూసుకుంటే చాలు. 16 జాయింట్లుంటే నాలుగు పరీక్షల్లో దొరుకుతుంది. ఈ పద్ధతి నేను చెప్పకముందే వాడేవాళ్ళు ఏడాదికి ఒకరో ఇద్దరో ఉండేవారు.

ఒక ఏడాది వచ్చిన కుర్రాడి సంగతి వేరు. బోర్డు ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని చుట్టూ చూసి, ‘సీలింగ్ రోజ్‌లో ఉంది సార్’ అన్నాడు. ఎలా చెప్పావురా అంటే, ‘స్టూలు రోజూ మూల ఉంటుంది సార్, ఇవాళ దాని కింద ఉంది. పైన మీ చెప్పు మచ్చ కూడా ఉంది’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండి సున్నా వేశాను. వాడు ఫాల్టుని కాదు, నన్ను పట్టుకున్నాడని నా కోపం. తర్వాత చాలా ఏళ్ళకు కలిశాడు. లిఫ్టు సర్వీసులో ఉన్నాడట. బయల్దేరే ముందే ఫోన్లో వాచ్‌మన్‌ని పది ప్రశ్నలు వేస్తాడట: నిన్న ఎవరొచ్చారు, ఏ అంతస్తులో సామాను దించారు, గోడ ఎవరైనా కొట్టారా అని. సగం రోజులు అక్కడికి వెళ్ళేలోపే రోగం తెలిసిపోతుందన్నాడు. ఇళ్ళలో వచ్చే ఫాల్టుల్లో చాలా భాగం ఎవరో ఏదో ముట్టుకున్నాక వచ్చేవే. ఆ సున్నా ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

మీ వారు కాగితం మీద గీసే రకం. ఆ రకం మారదు, మారాల్సిన పనీ లేదు. ఆయనకు లేనిది ముగింపు తేదీ. హెర్బర్ట్ సైమన్ అని అమెరికాలో ఒక పెద్దమనిషి ఉండేవాడు, 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మనిషి అన్నీ వెతికి అన్నిటికన్నా మంచిది ఎంచుకుంటాడన్నది ఉత్త మాట, ‘ఇది చాలు’ అనిపించిన చోట ఆగిపోతాడు అని ఆయన వాదన. ఆ ‘చాలు’ అనే గీత కొందరికి దగ్గర, కొందరికి ఎక్కడో దూరాన. మీ వారికి ఆ గీత కనబడటం లేదు, మీరు గీసివ్వండి. ‘శనివారం దాకా రాయండి, ఆదివారం పుస్తకం నాకు చూపించండి’ అనండి. అప్పుడు పొయ్యి సంగతి మీరు చెబుతారు. ఆయనకు మొదటి ఆనందం ఎంసీబీ పడకపోవడం కాదు, ఆ గడి నిండటం అవుతుంది. నవ్వకండి, నేనూ అదే జాతి.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా నాలుగేళ్ళుగా చేస్తున్నాను. మా ఆఫీసులో అందరికీ పర్సనాలిటీ టెస్ట్ పెట్టారు. 16 రకాల్లో నాది ఐ.ఎస్.టి.జె. అని వచ్చింది. అప్పటి నుంచి మా మేనేజర్ ‘నువ్వు డీటైల్ మనిషివి, క్లయింట్ మీటింగులు నీకు సరిపడవు’ అంటున్నారు. ఏదైనా పెద్ద ఇష్యూ వస్తే ముందు అనుకునే కాల్‌లోకి నన్ను పిలవరు, తర్వాత చెకింగ్‌కి ఇస్తారు. ఆ నాలుగు అక్షరాల్లో నిజం ఎంత? (ఒక పాఠకుడు, మియాపూర్)

బాబూ, నీ ఉద్యోగం పేరూ టెస్టరే కాబట్టి నీకు తేలిగ్గా అర్థమవుతుంది. మా టెస్టర్ జేబులో పెట్టుకునేది, నియాన్ దీపం ఉన్న స్క్రూడ్రైవర్. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) తెగిన లైనులో దాన్ని ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) మీద పెడితే చక్కగా వెలుగుతుంది. స్విచ్చి వేసి ఉంటే బల్బు హోల్డరులో రెండు కాళ్ళ దగ్గరా వెలుగుతుంది! ప్రతి కొత్త బ్యాచ్‌లో ఎవడో ఒకడు ‘కరెంటుంది సార్, బల్బే పోయింది’ అని మూడు బల్బులు మార్చేవాడు. టెస్టర్ అబద్ధం చెప్పలేదు. వోల్టేజి ఉంది అంది, అంతే. లైటు వెలుగుతుందని అది ఎప్పుడూ మాటివ్వలేదు.

మీ పరీక్ష కూడా అలాంటిదే, దానికి తోడు మా టెస్టర్ అంత నికరం కూడా కాదు. కథ చెబుతాను. స్విట్జర్లాండ్‌లో కార్ల్ యుంగ్ అనే మానసిక వైద్యుడు 1921లో మనుషుల రకాల మీద పుస్తకం రాశాడు. అది చదివి అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ ఈ 16 గళ్ళ ప్రశ్నపత్రం తయారుచేశారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మగవాళ్ళు సైన్యంలోకి పోయి ఆడవాళ్ళు ఉద్యోగాల్లోకి వస్తున్నప్పుడు, ఎవరికి ఏ పని నప్పుతుందో చెబుదామని కూతురి ఆశ. తల్లీకూతుళ్ళిద్దరూ సైకాలజీ చదువుకున్నవాళ్ళు కారు. అది తప్పని నేననను, అనడానికి నాకే మొహం లేదు.

తప్పు గీత దగ్గర ఉంది. నలుగురిలో కలిసే గుణం కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ, చాలామందికి మధ్యరకం. మనుషుల ఎత్తు లాంటిదే. ఐదడుగుల ఆరంగుళాల దగ్గర గీత గీసి ఇటు పొట్టి, అటు పొడుగు అంటే, గీతకు అరంగుళం ఇటు ఉన్నవాడూ అరంగుళం అటు ఉన్నవాడూ వేరే జాతులైపోతారు. అందుకే కొన్ని వారాలాగి మళ్ళీ రాస్తే చాలామందికి ఒక అక్షరమైనా మారుతుంది. సోమవారం 230 చూపించి శుక్రవారం 190 చూపించే మీటరు మా వర్క్‌షాపులో ఉంటే దాన్ని కండెమ్ చేసి స్టోర్స్‌కి పంపేవాళ్ళం. ఇప్పటి సైకాలజీవాళ్ళు ఎక్కువగా వాడేది ఐదు గుణాల కొలత. అందులో గళ్ళుండవు, స్కేలు ఉంటుంది. ఇంకో మాట: మనిషిని ఉద్యోగంలోకి ఎంచుకోవడానికి ఈ 16 రకాల పరీక్ష వాడకండని దాన్ని అమ్మేవాళ్ళే చెబుతారు.

మేనేజర్‌తో పరీక్ష తప్పని వాదించకు, నెగ్గలేవు. ఈ నాలుగేళ్ళలో చివర్లో నీ చెకింగ్‌లో బయటపడ్డ లోపాల్లో, ముందే ఆ కాల్‌లో నువ్వుంటే మొదటి రోజే దొరికేవి ఏవో మూడు ఏరుకో. ఒక్కోదాని వల్ల ఎన్ని రోజులు పోయాయో పక్కన రాసుకో. ‘సార్, వచ్చే ఇష్యూకి ఒక్కసారి ముందు పిలిచి చూడండి’ అని అడుగు. నీది డీటైల్ బుర్ర అయితే అవనీ. ఆ బుర్ర మొదట్లో ఉంటే పనికొచ్చేది, చివర్లో ఉంటే తప్పులు ఎత్తిచూపేది అవుతుంది. అప్పుడు ఎవరికీ నచ్చదు.

ప్రశ్న: నాది కన్యారాశి. ప్రతి చిన్నదానికీ అతిగా ఆలోచించేది అందుకేనా? (ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం)

నాదీ కన్యారాశే తల్లీ. మా తమ్ముడిదీ కన్యే. వాడు ఇల్లు కొనేముందు ఆలోచించిన టైము కంటే నేను చెప్పులు కొనేముందు ఆలోచించిన టైము ఎక్కువ.

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. మూడెకరాల బత్తాయి తోట. మొదటి బోరు 250 అడుగులు, రెండోది 400, మూడోది 650. ఇప్పుడు మూడోది కూడా ఆగి ఆగి పోస్తోంది. మా అన్న బర్రెలు అమ్మి 900 అడుగులు వేద్దామంటడు. నేను డ్రిప్ పెట్టి, చెట్ల పాదుల్లో ఆకు కప్పి, ఉన్న నీళ్ళు సాగదీద్దామంటున్న. హైదరాబాద్‌లో ఆటో నడిపే మా తమ్ముడు పండక్కొచ్చి ‘వానలు పడ్తయిలే’ అని పోయిండు. అన్న ఎందుకంత మొండిగా ఉన్నడు? (ఒక రైతు)

మీ ఉత్తరం చదవగానే భారతంలో మూడు చేపలు గుర్తొచ్చాయి. శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెబుతాడు. జాలరులు చెరువు నీళ్ళు తోడుతుంటే, దీర్ఘదర్శి అనే చేప ముందే కాలువ వెంట వెళ్ళిపోయింది. ప్రాప్తకాలజ్ఞుడు ఉండిపోయాడు. జాలరులు పట్టిన చేపలను తాడుకు గుచ్చుతుంటే, తానూ గుచ్చుకున్నట్టు తాడును నోట కరిచి పట్టుకున్నాడు. బురద పోవడానికి ఆ గుత్తిని లోతు నీళ్ళలో ముంచి కడుగుతుండగా నోరు వదిలేసి జారుకున్నాడు. దీర్ఘసూత్రుడు ‘తొందరేముంది’ అంటూ దొరికిపోయాడు. మీ తమ్ముడెవరో వేరే చెప్పక్కర్లేదు. మీరే దీర్ఘదర్శి అని మీ మనసులో ఉంది, అక్షరాల్లో కనబడుతోంది. కానీ మీ అన్న కూడా తానే దీర్ఘదర్శిని అనుకుంటున్నాడు. బర్రెలు అమ్మడానికి సిద్ధపడ్డవాడిని ముందుచూపు లేనివాడని ఎలా అంటాం?

ఆయనది మొండితనం కాదు, అలవాటైన దారి. అబ్రహాం లచిన్స్ అనే అమెరికన్ 1942లో దీని మీద ప్రయోగాలు అచ్చువేశాడు. లెక్క మన బిందెలతో చెబుతాను. మీ దగ్గర 21, 127, 3 చెంబులు పట్టే మూడు పాత్రలున్నాయి. సరిగ్గా 100 చెంబులు కొలవాలి. పెద్దది నింపి, దాంట్లోంచి 21 ఒకసారి, 3 రెండుసార్లు తీసేస్తే 100. ఇలాంటి లెక్కలే వరుసగా ఇచ్చి, అదే పద్ధతిలో చేయించాడు. ఆ తర్వాత 23, 49, 3 ఇచ్చి 20 కొలవమన్నాడు. 23లోంచి 3 తీస్తే అయిపోయే లెక్క! ముందు లెక్కలు చేసినవాళ్ళలో చాలామంది మళ్ళీ పెద్ద పాత్ర నింపి, 23 తీసి, 3 రెండుసార్లు తీసి 20 చేశారు. జవాబు తప్పు కాదు, అదే చిక్కు. ముందు లెక్కలు చేయనివాళ్ళకు చిన్న దారి వెంటనే కనబడింది.

మీ అన్న మూడు లెక్కలు అదే పద్ధతిలో చేశాడు, మూడుసార్లూ నీళ్ళు పడ్డాయి. ఆయన బుర్ర నాలుగోదాన్ని కూడా అదే లెక్క అనుకుంటోంది. ఆ దారి ఒకప్పుడు పనిచేసిందే. మీ దగ్గర ఆటో స్టార్టర్ల సంగతి గుర్తుందా? కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో, రాత్రి పొలానికి పోయి చీకట్లో మోటరు వేసే బాధ తప్పించింది ఆ డబ్బానే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చాక, అదే డబ్బా రాత్రింబవళ్ళు మోటరు నడిపి భూమిలో నీళ్ళు తోడేస్తుంటే, తీసేయండి బాబూ అని సర్కారే ఊరూరా చెప్పాల్సొచ్చింది. డబ్బా మారలేదు, లెక్క మారింది.

అన్నను మొండివాడనకండి. అడిగితే ఆయనకే తెలిసిన లెక్క ఒకటుంది. ఏ బోరు ఏ సంవత్సరం వేశారు, ఎన్ని నెలలు నిండుగా పోసింది, ఎంత ఖర్చయింది. మోటరు షెడ్డు గోడ మీద సుద్దతో మీరు రాయండి, అంకెలు ఆయన చెప్పాలి. మొదటిది ఎన్నేళ్ళు, రెండోది ఎన్నేళ్ళు, మూడోది ఎన్ని నెలలు. మూడు అంకెలు కిందకి దిగుతూ కనబడ్డాక ఇంకేం మాట్లాడకండి, చాయ తాగండి. బోరుకని దాచిన డబ్బుల్లోంచి ముందు ఒక్క ఎకరానికి డ్రిప్ పెడదామంటే, అప్పుడు ఆయనకి తాను ఓడినట్టు అనిపించదు. నాకు తెలిసినంతలో, చేతల మనిషికి ‘ఆగు’ అంటే వినబడదు, ‘ఇది చెయ్యి’ అంటేనే వినబడుతుంది.

తమ్ముణ్ణి తిట్టకండి, ఆటో కిస్తీ అతనికో ఎండిన బోరు. డ్రిప్ పైపులు పరిచే రోజు మాత్రం కబురు పెట్టండి.

ప్రశ్న: అందరికీ చెబుతారు గానీ, మీ ఇంట్లో సమస్యలు మీరెలా పరిష్కరిస్తారు మాస్టారూ? నిజం చెప్పండి. (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

నిజమే చెబుతాను. మా ఇంటి కాలింగ్ బెల్లు పనిచేయక 14 నెలలైంది. పది నిమిషాల పని. గోడలోని పాత వైరు కూడా మారిస్తే మంచిదనీ, మారిస్తే పైపుతో సహా మారిస్తే ఇంకా మంచిదనీ, ఆ చేత్తోనే గేటు లైటు కూడా లాగితే ఒకే పగలగొట్టుడుతో పోతుందనీ నేను కాగితం మీద మూడు ప్లాన్లు గీశాను. మూడూ ఫ్రిజ్ మీద ఉన్నాయి.

రెండో నెలలోనే మా ఆవిడ దేవుడి గదిలోంచి పాత ఇత్తడి గంట తెచ్చి, కొబ్బరి తాడుతో గేటుకి కట్టింది. పోస్ట్‌మ్యాన్ అది కొడతాడు, పాలబ్బాయి అది కొడతాడు. కరెంటు పోయినా మోగుతుంది. మొన్న ఆదివారం మీ ఉత్తరం చదివి సిగ్గేసి, నిచ్చెన దించి, మెయిన్ కట్టేసి పని మొదలుపెట్టాను. గేటు దగ్గర తాడు విప్పబోతుంటే మనవరాలు పరుగెత్తుకొచ్చి, ‘తాతయ్యా, గంట తీస్తే నేను నీతో మాట్లాడను’ అంది. నిచ్చెన మళ్ళీ లోపల పెట్టేశాను.